అటక మీది పూల కంచం

ఫిబ్రవరి 2, ఆదివారం

నాలుగింటికే మెలకువ వచ్చేసింది. బ్యూగిల్ లేదు, బ్యారక్ లేదు. బెంగళూరు వర్తూరులో అత్తగారింట్లో పరుపు మీద ఉన్నాను. మొన్న శుక్రవారంతో ఆర్మీలో నా నౌకరీ అయిపోయింది. నిన్నమొన్నటి దాకా నాయక్ సుంకన్న, రెజిమెంటు వంటవాడు. ఇప్పుడు ఉత్త సుంకన్న. ఒళ్లు భలే తేలిగ్గా ఉంది.

ఇంట్లోవాళ్లు లేచేలోపు టీ పెట్టేద్దామనుకున్నాను. పందొమ్మిదేళ్లు వందమందికి తక్కువ కాకుండా వండిన చెయ్యి, చెప్పిన మాట వింటుందా! అందరూ లేచేసరికి పొయ్యి మీద ఇడ్లీ పాత్ర నిండా టీ. మా అత్త చిక్కమ్మ గడప దగ్గరే నిలబడిపోయింది. ఏమప్పా, మనింట్లో పెండ్లి ఏమన్నా ఉండాదా, నాకెవురూ చెప్పనే లేదే అంది. చివరికి ఆటోవాళ్లకు, ఎదురింటివాళ్లకు, నీళ్ల ట్యాంకరు డ్రైవరుకు కూడా పోశాం. ట్యాంకరు డ్రైవరు రెండో గ్లాసు అడిగి మరీ తాగాడు. నా మొదటి సివిలియన్ కస్టమర్!

మధ్యాహ్నం అన్నానికి కూర్చుంటే మా అమ్మాయి భవ్య అటక మీంచి పూల కంచం దించింది. అంచు చుట్టూ పూలు చెక్కిన పెద్ద స్టీలు కంచం. అది మా ఇంట్లో చుట్టాల కంచం. ప్రతి లీవులోనూ నాకదే. నేను రైలెక్కగానే తోమి, గుడ్డలో చుట్టి మళ్లీ అటకెక్కిస్తారు. వాళ్ల ముగ్గురికీ మాత్రం రోజూ తినే సొట్ట కంచాలు. నేను లీవులో రాలేదమ్మా, ఇంక ఇక్కడే, నాకూ సొట్ట కంచమే పెట్టు అన్నాను. మరి మార్చి మూడు సంగతేంటి నాన్నా అని అడిగింది. పదమూడేళ్ల పిల్ల. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామంటే కుదరదు.

మార్చి మూడంటే కన్నూరు. రిటైరైన సిపాయిలను మళ్లీ తీసుకునే డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌కు పేరిచ్చి ఉన్నాను, ఎందుకైనా మంచిదని. సెలెక్టయ్యాను కూడా. కాపలా పని. దేశంలో ఎక్కడికైనా పంపుతారు. ఆరోజు అక్కడ హాజరవ్వాలి. ఈలోపు బెంగళూరులో ఉద్యోగం దొరికితే కన్నూరు లేదు. దొరక్కపోతే మళ్లీ ట్రంకు పెట్టె, మళ్లీ రైలు. ఒక్క పెన్షన్‌తో ఈ ఊళ్లో నెట్టుకు రాలేం, మా ఆవిడ అంబిక కష్టం మీద కూర్చుని తినడం నావల్ల కాదు.

దొరుకుతుంది. ఇంత ఊళ్లో అన్నం తినని మనిషి ఉన్నాడా!

ఫిబ్రవరి 3, సోమవారం

భవ్య స్కూలు నుంచి వచ్చి ఫోన్లో నా రెజ్యూమే తయారుచేసింది. స్కిల్స్ చెప్పు నాన్నా అంది. చపాతీలు అన్నాను. అవి అమ్మమ్మ కూడా చేస్తుంది, ఇంకా చెప్పు అంది. మంచుకొండల మీద గుడ్లు గడ్డకట్టి రాళ్లయిపోతాయి, స్లీపింగ్ బ్యాగులో పక్కన పెట్టుకుని పడుకుంటేనే పొద్దున ఆమ్లెట్ అవుతుంది అని చెప్పాను. పడీపడీ నవ్వింది. హై ఆల్టిట్యూడ్ కలినరీ ఆపరేషన్స్ అని రాసింది. అంటే ఏంటమ్మా అంటే గుడ్లతో పడుకోవడం అంది.

నా కూతురికి నోరెక్కువ. లీవుల్లో వచ్చినప్పుడు నాతో ఇంత మాట్లాడేది కాదు. ఈ సంతోషంలో రాత్రి ఉప్మా మళ్లీ ఎక్కువ చేశాను.

ఫిబ్రవరి 6, గురువారం

మొదటి ఇంటర్వ్యూ. దేవనహళ్లి దాటాక, ఎయిర్‌పోర్టు దగ్గర పెద్ద హోటల్. షూ పాలిష్ కొట్టి, గంటన్నర ముందే వెళ్లి కూర్చున్నాను.

చెఫ్ కుర్రవాడే, చెవికి పోగు ఉంది. టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్ అన్నాడు. అంతే, లేచి నిలబడి, మడమలు కొట్టి, నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ గట్టిగా చెప్పేశాను. బయట రిసెప్షన్ అమ్మాయి చేతిలో ఫోను కిందపడిన చప్పుడు వినిపించింది. అతను పాపం కుర్చీ వెనక్కి జరుపుకుని, సిట్ సర్ సిట్ అన్నాడు.

ఒక్క ప్లేటు కిచిడీ చేసి చూపించమన్నాడు. ఒక్క ప్లేటు! అక్కడే కొంప మునిగింది. చేశాను. చెఫ్ తిన్నాడు, రిసెప్షన్ అమ్మాయి తింది, లోపలున్న వెయిటర్లందరూ తిన్నారు, ఇంకా మిగిలింది. చాలా బాగుంది సర్, ఇంటి అన్నంలా ఉంది, కానీ మా గెస్టులు ఇంటి అన్నానికి ఇంత దూరం రారు అన్నాడు. మంచి మనిషే. వచ్చేటప్పుడు పక్కకు పిలిచి, సెక్యూరిటీలో ఖాళీ ఉంది, ఆర్మీవాళ్లంటే మా జీఎంకు ప్రాణం అన్నాడు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. నెత్తిమీద విమానాలు దిగుతుంటే చూస్తూ వచ్చాను. మొదటి ఇంటర్వ్యూకే ఇంత మంది తిన్నారంటే మంచి శకునమే కదా.

ఫిబ్రవరి 10, సోమవారం

నాలుగు చోట్లకు వెళ్లాను, నాలుగు చోట్లా సెక్యూరిటీ ఉద్యోగమే ఇస్తామన్నారు. ఒక్కడికైనా నా చేతిలో గరిటె కనిపించదేం!

ఫిబ్రవరి 11, మంగళవారం

మా అత్త రంగంలోకి దిగింది. ఈ ఫోన్లు, ఈ రెజ్యూమేలు సుమ్నే, ఉత్తదే అప్పా, శ్రీనివాసప్ప ఉండాడు కదా, వాళ్లమ్మా నేనూ ఈ వర్తూరు సంతలో ఒకే గోనెపట్ట మీద కూర్చుని ఆకుకూర అమ్మినోళ్లం, నేను చెప్తే కాదంటాడా, పా అంది. చీర మార్చుకోకుండానే బయల్దేరింది.

శ్రీనివాసప్ప క్యాటరింగ్ కాంట్రాక్టరు. మహదేవపురలో ఒక టెక్ పార్కులో, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ కెఫెటేరియా అతనిదే. మేం వెళ్లేసరికి తల పట్టుకుని కూర్చున్నాడు. పెద్ద వంటవాడు చెప్పకుండా వేరేవాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడట. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, మిలిటరీనా, అయితే గేటు దగ్గర అని మొదలుపెట్టాడు. మా అత్త పూర్తిచేయనిస్తేగా! గేటు కాదప్పా, గుండిగ దగ్గర, వంద మందికి ఒంటి చేత్తో వండేటోడు, ఇంట్లో మాకు పొద్దస్తమానం ఉప్మా మిగుల్తాంది అంది. నెలాఖరు దాకా ట్రయల్ అన్నాడు.

అంబిక హౌస్‌కీపింగ్ చేసేది అదే బిల్డింగులో. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. ఆడ నన్ను పలకరించొద్దబ్బా, మా సూపర్‌వైజరు ప్రతిదానికీ ఏదో ఒకటి అంటాడు, ట్రయల్ అయినాక చూద్దాంలే అంది. సరే అన్నాను. భార్యాభర్తలం ఒకే చోట డ్యూటీ! ఇన్నేళ్లలో ఏ పోస్టింగూ ఇంత బాగా రాలేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

అయిదో అంతస్తులో కెఫెటేరియా. వెనకాల వంటిల్లు. లోపల అడుగుపెట్టగానే చూశాను, నా నడుమెత్తు గుండిగలు, పడవ తెడ్డంత గరిటెలు. కళ్లలో నీళ్లు తిరిగాయి. వెధవ ఉల్లిపాయలని చెప్పి తుడుచుకున్నాను. అప్పటికింకా ఎవరూ ఉల్లిపాయలు తరగలేదు.

పూరీ, ఆలూ కూర చేశాను. సాఫ్ట్‌వేర్ పిల్లలు రెండోసారి వచ్చారు. కొలత తప్పలేదు, మిగల్లేదు. నా చెయ్యి చెడిపోలేదు, ఇంట్లో గిన్నెలే చిన్నవి.

ఫిబ్రవరి 14, శుక్రవారం

పలకరించొద్దంది కానీ అన్నం పెట్టొద్దనలేదు కదా. రెండు పూరీలు కట్టుకుని అంబికను వెతుక్కుంటూ కిందికి వెళ్లాను. ఏ ఫ్లోర్లోనూ లేదు. లిఫ్ట్ అబ్బాయి బేస్‌మెంట్‌లో చూడమన్నాడు.

కార్ల వెనకాల, నీళ్ల పంపుల గది పక్కన, అట్టముక్కలు పరుచుకుని ఆడవాళ్లంతా డబ్బాలు విప్పుకుని తింటున్నారు. పంపు మోత. పెట్రోలు వాసన. అంబిక నన్ను చూసి డబ్బా మూత పెట్టేసింది. ఏలొచ్చినావు ఇక్కడికి అంది, కళ్లెర్రజేసి. పూరీలు తీసుకోలేదు. పక్కనున్న పెద్దావిడ తీసుకుంది.

రోజూ ఫోన్లో అన్నం తిన్నావా అని అడిగేవాణ్ణి. తిన్నా అనేది. ఎక్కడ అని నేనెప్పుడూ అడగలేదు, తనెప్పుడూ చెప్పలేదు. సాయంత్రం బస్సులో మేం వేరే వేరే సీట్లలో కూర్చుని వచ్చాం. కోపం తెచ్చుకోవాలో ఏడవాలో తెలియలేదు నాకు.

ఫిబ్రవరి 18, మంగళవారం

అబ్బ, ఏం వార్త! 27న కంపెనీ పుట్టినరోజు. కంపెనీ పెట్టిన తేజస్ సారుకు శ్రీనివాసప్ప నా సంగతి చెప్పాడట. అయితే ఈసారి ఆర్మీ స్టయిల్లో లంచ్ పెట్టిద్దాం అన్నాడట సారు. శ్రీనివాసప్ప నా భుజం తట్టి, పూర్తిగా మీ మిలిటరీ పద్ధతిలో చెయ్ గురూ, ఊట ఫస్ట్‌క్లాస్ వస్తే నీ పని పర్మనెంటు అన్నాడు. ఊటంటే ఇక్కడి కన్నడంలో భోజనం.

పూర్తిగా మా పద్ధతిలో! అంటే బడా ఖానాయే. ఇంకేముంది!

ఇంటికొచ్చి భవ్యకు బడా ఖానా అంటే ఏంటో చెప్పాను. రెజిమెంటులో పండగ రోజు జవాన్లందరూ కూర్చుంటారు, ఆఫీసర్లు నిలబడి వడ్డిస్తారు. కర్నల్ సాబ్ అయినా సరే, గరిటె పట్టాల్సిందే. ఊడ్చేవాడు, బార్బరు, వంటవాడు, అందరికీ ముందు విస్తరి. అందరూ తిన్నాకే ఆఫీసర్లు తింటారు. ఒకసారి మా కర్నల్ సాబ్ నా ప్లేటులో ఖీర్ పోస్తూ షర్టు మీద ఒంపుకున్నాడు అని చెప్తే భవ్య నోరు తెరుచుకుని వింది. మీ ఆర్మీలో అంత బాగుంటే ఎందుకొచ్చేశావు నాన్నా అంది. ఇక్కడ నా కంచం కోసం అన్నాను. సొట్ట కంచం మాత్రం పెట్టలేదు. నువ్వు ముందు పర్మనెంటు అవ్వు అంది.

ఫిబ్రవరి 24, సోమవారం

పనులు పరుగెత్తుతున్నాయి. మెనూ రాజ్మా, జీరా రైస్, పూరీ, మటన్, పనీరు, ఖీర్. ఏప్రన్లు పెద్ద సైజువి తెప్పించాను, తేజస్ సారు పొడుగు మనిషి. శ్రీనివాసప్ప దగ్గరికి వెళ్లి, ముందు హౌస్‌కీపింగ్, గార్డులు, డ్రైవర్లు, తోటమాలీలు తింటారు, సారువాళ్లు వడ్డిస్తారు, తర్వాత మిగతావాళ్లు, ఓకేనా అని అడిగాను. ఫోన్లో ఎవరితోనో టొమాటో రేటు దగ్గర కొట్లాడుతున్నాడు. చెయ్యి ఊపి, ఆయ్తు ఆయ్తు, సరేలే, చెయ్ అన్నాడు.

బిల్డింగంతా తిరిగి నేనే పిలిచాను. గురువారం ఒంటిగంటకు అందరూ అయిదో ఫ్లోరుకు రావాలి అని. నా గొంతు పెద్దది కదా, పైనుంచి ఆర్డరనుకున్నారు. అంబికకు కూడా చెప్పాను, అందరితోపాటే, పరాయివాడిలా. మేమా, పైకా అని అడిగింది. పద్ధతి అది అన్నాను.

ఫిబ్రవరి 27, గురువారం, సాయంత్రం

వరసగా రాయాలి.

ఒంటిగంటకు బెల్లు కొట్టాను. హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు, గార్డులు, డ్రైవర్లు వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డారు. కూర్చోమంటే కూర్చోరు. గట్టిగా బైఠ్ జావ్ అని అరిచాను, అందరూ ఒక్కసారి కూర్చున్నారు. అంబిక కిటికీ దగ్గర టేబులు. సాఫ్ట్‌వేర్ పిల్లలు అటుపక్క నిలబడి చూస్తున్నారు. అప్పుడు లిఫ్టులోంచి తేజస్ సారు దిగాడు, చేతిలో స్పీచ్ కాయితం. నేను ఎదురెళ్లి సెల్యూట్ కొట్టి, బడా ఖానా తయార్ హై శ్రీమాన్ అని రిపోర్టిచ్చాను. ఆయన కూడా ఏదో సెల్యూట్ లాంటిది కొట్టాడు. వెంటనే మెడలో ఏప్రన్ వేసి, చేతిలో రాజ్మా గరిటె పెట్టాను.

ఆయన గరిటె వైపు చూశాడు. నా వైపు చూశాడు. ఇప్పుడు నేనేం చెయ్యాలి అని మెల్లగా అడిగాడు.

అప్పుడర్థమైంది నాకు. ఈయనకు ఎవరూ చెప్పలేదు! ఆర్మీ స్టయిల్ అంటే ఈయన మనసులో ఉన్నది స్టీలు ప్లేట్లు, ఆకుపచ్చ బెలూన్లు. అవతల శ్రీనివాసప్ప మొహంలో నెత్తురు చుక్క లేదు. కానీ పిలిచినవాళ్లు కంచాల ముందు కూర్చుని ఉన్నారు. వాళ్లను లేపడం ఎట్లా? వడ్డించాలి సర్, పెద్దవాళ్లు వడ్డిస్తారు, మా దగ్గర అదే పద్ధతి అన్నాను.

ఆయన స్పీచ్ కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మొదటి టేబులు అంబికదే. గరిటె పట్టడం రాదు ఆయనకు, రాజ్మా సగం ప్లేటులో, సగం టేబులు మీద. అంబిక అలవాటుగా గుడ్డ తీసి తుడవబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, వద్దమ్మా నేను తుడుస్తాను అని, ఆ గుడ్డ తీసుకుని తనే తుడిచాడు. మీరు ఏ ఫ్లోరు అని అడిగాడు. మీ ఫ్లోరే సార్, ఆరేళ్ల నుంచి అంది అంబిక. ఆయన ఇంకో గరిటె వేశాడు.

తర్వాత చూడాలి! డ్రైవర్లు సార్ రైస్, సార్ ఇంకొంచెం అని కేకలు. సాఫ్ట్‌వేర్ పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి బకెట్లు లాక్కున్నారు. ఒకమ్మాయి ఖీర్ పోస్తూ ఏడుస్తోంది, నవ్వుతోంది, ఫోటోలు తీస్తోంది. ఒక గార్డు లేచి నిలబడి పాట అందుకున్నాడు. ఇంత మంచి బడా ఖానా నేను రెజిమెంటులో కూడా చూడలేదు, ఒట్టు.

నాలుగింటికి శ్రీనివాసప్ప నన్ను స్టోరు రూములోకి పిలిచి తలుపేశాడు. ఊట పెట్టమంటే క్లయింటు చేతికి గరిటె ఇస్తావా, వాళ్లమ్మ కూడా ఆయనతో పని చేయించి ఉండదు, నా కాంట్రాక్టు పోతే నీ మిలిటరీ వచ్చి ఇస్తుందా, సాకు నాయనా, చాలు, రేపట్నించి రావొద్దు, చిక్కమ్మవ్వ మొహం చూసి ఇంతకన్నా ఏమీ అనను అన్నాడు. నిజమే కదా. తప్పు నాదే. ఎవరికీ తెలియని పద్ధతిని అందరికీ తెలుసనుకున్నాను.

ఫిబ్రవరి 28, శుక్రవారం

ట్రంకు పెట్టె సర్దాను. ఎల్లుండి సాయంత్రం రైలు. భవ్య పూల కంచం తోమి పెట్టింది.

అదేరోజు, రాత్రి ఏడు

అంబిక ఇప్పుడే వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా చెప్పడం మొదలుపెట్టింది. ఈరోజు మధ్యాహ్నం తను డబ్బా తీసుకుని బేస్‌మెంట్‌కు పోలేదట. లిఫ్టెక్కి అయిదో ఫ్లోరుకు పోయి నిన్నటి కిటికీ దగ్గరే కూర్చుందట. వెనకాలే మిగతా ఆడవాళ్లు, గార్డులు. సూపర్‌వైజరు ఉరుక్కుంటూ వచ్చి లేవమన్నాడట. నిన్న పెద్ద సారే ఇక్కడ కూర్చోబెట్టి వడ్డించినాడు, లేవాల్నా వద్దా అని పోయి ఆయన్నే అడిగి రాపో అందట! నా అంబిక! వాడు అడగడానికి పోలేదట, అక్కడే తచ్చాడి వెళ్లిపోయాడట. తేజస్ సారు అటుగా వెళ్తూ వీళ్ల డబ్బాలు చూసి, కాసేపు నిలబడి వెళ్లాడట.

ఆ కిటికీ అద్దం నేను ఎన్నోసార్లు తుడిచిందేనబ్బా, దానికి ఎదురుగా కూర్చుని తిన్నది మాత్రం నిన్ననే, చెరువు కనిపిస్తాది ఆన్నించి అంది. అని, నా ట్రంకు పెట్టె చూసి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పోవద్దని తనూ, పోనని నేనూ మాత్రం అనలేకపోయాం.

మార్చి 1, శనివారం

పొద్దున్నే తలుపు దబదబ. శ్రీనివాసప్ప!

లోపలికి రాకుండానే మొదలుపెట్టాడు. ఏమి మంట పెట్టినావు గురూ, నిన్న రాత్రి తేజస్ సారు ఫోను, సోమవారం నుంచి హౌస్‌కీపింగు, గార్డులు, డ్రైవర్లు అందరికీ పైనే ఊట, కంపెనీ లెక్కలోనే, నెలకొకసారి మీ బడా ఖానా కూడా కావాలంట, సార్ మళ్లీ గరిటె పడతాడంట, ఇంత మందికి ఎవుడు వండుతాడు, నేను వండాల్నా, పెట్టినోడివి నువ్వే, వచ్చి నువ్వే వండు అన్నాడు. కోపంగానే అన్నాడు. కానీ బిజినెస్ పెరిగిన మొహం దాగుతుందా!

సెక్యూరిటీ పని కాదు కదా అని అడిగాను. మా అత్త వెనకనుంచి నా వీపు మీద ఒకటి వేసింది. పర్మనెంటా అని భవ్య అడిగింది, లోపలినుంచి. పర్మనెంటేనమ్మా తల్లీ అన్నాడు శ్రీనివాసప్ప. మా అత్త టీ పెట్టింది. కొలతగా, అయిదు గ్లాసులే.

కన్నూరుకు ఫోన్ చేసి రావడం లేదని చెప్పాను. అవతల క్లర్కు, ఎందుకు, సివిల్లో పని దొరికిందా అని అడిగాడు. దొరికింది సాబ్, మా ఆవిడ పనిచేసే చోటే అన్నాను. ఫోన్ పెట్టేశాక కూడా కాసేపు అటెన్షన్లోనే నిలబడి ఉన్నాను.

మార్చి 3, సోమవారం

కన్నూరులో ఈపాటికి ఫాలిన్ అయి, వరసలో నిలబడి ఉంటారు. నేను నడుమెత్తు గుండిగలో బిసిబేళెబాత్ కలిపాను. మధ్యాహ్నం కెఫెటేరియాలో అంబిక అందరి ముందూ నన్ను కేకేసి పిలిచింది, ఉప్పు తక్కువైందని.

మార్చి 9, ఆదివారం

తిన్న కంచం ఎత్తకుండా లేచానని భవ్య తిట్టింది. నీ కంచం తోమడానికి ఇక్కడ పనోళ్లు ఎవరూ లేరు నాన్నా అంది. సొట్ట కంచం. తోముతూ కిటికీలోంచి చూస్తే, వాకిట్లో ఎండలో మా అత్త పూల కంచం నిండా వడియాలు పెట్టి, కాకుల్ని తోలుతోంది.